ముళ్ళతో ఎగబాకే సొలానమ్ వెండ్లాండి తీగ: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, వరంగల్, కాజీపేట ప్రాంతాలలో ఇంటి గేటు కమాను మీదకో, ప్రహరీ గోడ మీదకో ఈ తీగను ఎక్కించుకున్నవారు, కొనాలని ఆలోచిస్తున్నవారు, పాఠంలో భాగంగా పరిశీలిస్తున్న డిగ్రీ విద్యార్థులు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. పెంపకం సలహాలు కొన్ని ఉన్నప్పటికీ ఇది ప్రధానంగా వృక్షశాస్త్ర పేజీ. మొక్క నిర్మాణం అర్థమైతే పెంపకంలో వచ్చే సందేహాలు చాలావరకు వాటంతట అవే తీరుతాయన్నది మా నమ్మకం.

ఇది ఏ మొక్క? ఎక్కడిది?

దీని శాస్త్రీయ నామం సొలానమ్ వెండ్లాండి. నర్సరీలలో పొటాటో వైన్ అనీ, జెయింట్ పొటాటో క్రీపర్ అనీ అమ్ముతారు. పేరులో ఆలుగడ్డ ఉన్నా దీనికి గడ్డలు ఊరవు; పువ్వు ఆలుగడ్డ పువ్వును పోలి ఉండడమే ఆ పేరుకు కారణం. వంకాయ, టమాట, మిరప, పొగాకు, ఉమ్మెత్త చేరిన సోలనేసి కుటుంబానికి చెందినది. దీని పుట్టిల్లు మధ్య అమెరికా. దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా, కోస్టారికా వంటి దేశాల తేమగల అడవుల అంచులలో, పెద్ద చెట్ల కొమ్మలను పట్టుకుని వెలుతురు కోసం పైకి పాకుతుంది. మన దేశానికి తోటల అలంకరణ మొక్కగా వచ్చింది.

దీన్ని ఎలా గుర్తుపట్టాలి?

ముందు ఆకులను చూడండి. ఒకే తీగ మీద మూడు రకాల ఆకులు కనిపించడం దీని ప్రత్యేకత. కింది భాగంలో ఈకలాగా లోతుగా చీలిన పెద్ద ఆకులు, మధ్యలో మూడు తమ్మెలుగా చీలినవి, పూగుత్తికి దగ్గరలో అసలు చీలికే లేని సాదా ఆకులు ఉంటాయి. అన్నీ నిగనిగలాడే పచ్చని రంగులో, దాదాపు నూగు లేకుండా నున్నగా ఉంటాయి. ఇంత తేడా ఉన్న ఆకులను విడివిడిగా చూపితే వేర్వేరు మొక్కలవని ఎవరైనా అనుకుంటారు కాబట్టి, ఫొటో పంపి పేరు అడిగేవారు ఒక్క ఆకును కాక తీగలో కనీసం రెండు మూడు చోట్ల ఫొటోలు తీసి పంపడం మంచిది.

తరువాత ఆకును తిరగేసి మధ్య ఈనె మీద వేలును కొన నుండి తొడిమ వైపుకు నెమ్మదిగా జరపండి. వెనక్కి వంగిన చిన్న చిన్న కొక్కేలు తగులుతాయి. అవే ముళ్ళు కాండం మీద, ఆకు కాడ మీద కూడా ఉంటాయి. దూరం నుండి చూస్తే తీగ ముళ్ళది అన్న అనుమానమే రాదు.

పువ్వులు కొమ్మల చివర పెద్ద గుత్తులుగా వస్తాయి. గుత్తి బరువుకు కొమ్మ కిందికి వాలుతుంది. ఒక్కొక్క పువ్వు సుమారు 5 నుండి 6 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అయిదు ఆకర్షణ పత్రాలు అడుగున కలిసిపోయి, దాదాపు బల్లపరుపుగా విచ్చుకుంటాయి. రంగు నీలం కలిసిన లేత ఊదా. నడుమ అయిదు పసుపు పరాగకోశాలు (పుప్పొడి తిత్తులు) దగ్గరగా నిలబడి ఉంటాయి. వంకాయ పువ్వును జాగ్రత్తగా చూసినవారికి ఈ పువ్వు కొత్తగా అనిపించదు. అదే అమరిక, పరిమాణం మాత్రమే పెద్దది.

ఇవి నిజంగా ముళ్ళేనా? గులాబీ ముళ్ళకూ నిమ్మ ముళ్ళకూ తేడా ఉందంటారు కదా?

ఉంది. వృక్షశాస్త్రం దృష్టిలో ఆ తేడా ముఖ్యమైనది కూడా. నిమ్మచెట్టు ముల్లు, కాగితపు పూల చెట్టు ముల్లు రూపం మార్చుకున్న కొమ్మలు. అవి కొమ్మలు పుట్టే చోటే, అంటే ఆకు మొదట్లోనే పుడతాయి. వాటి లోపల నీటిని, ఆహారాన్ని తీసుకుపోయే నాళాలు ఉంటాయి. నాగజెముడు ముళ్ళు ఆకుల రూపాంతరాలు. గులాబీ ముల్లు ఈ రెండు కోవలకూ చెందదు. అది కాండం పైపొర నుండి, దాని కింది కణజాలం నుండి పొడుచుకు వచ్చిన పెరుగుదల మాత్రమే. దానిలో నాళాలు ఉండవు. దీనినే ప్రికిల్ అంటారు. వెండ్లాండి తీగ మీదివీ, వంకాయ ముచ్చిక మీద గుచ్చుకునేవీ ప్రికిల్సే.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ముదిరిన కాండం మీది ముల్లును బొటనవేలితో పక్కకు నెట్టండి. అది పెళుసుగా విరిగి ఊడిపోతుంది, దాని చోట కాండం మీద ఒక చిన్న కోలాకారపు మచ్చ మిగులుతుంది. నిమ్మ ముల్లును అలా నెడితే ఊడదు. దాన్ని తీయాలంటే కొమ్మ కట్టెను చీల్చుకుంటూ లాగవలసిందే. ఇంకొక గుర్తు ఏమిటంటే, ప్రికిల్స్‌కు నిర్ణీత స్థానం లేదు, కణుపుల మధ్య ఎక్కడైనా మొలుస్తాయి.

తీగ పైకి ఎలా ఎక్కుతుంది?

కాకర, సొర తీగలకు ఉన్నట్లు నులితీగలు దీనికి లేవు. చిక్కుడులాగా పందిరి కర్రను గట్టిగా చుట్టుకునే స్వభావం కూడా లేదు. పొడవుగా సాగిన కొమ్మ పక్కనున్న ఆధారం మీద వాలుతుంది; వెనక్కి వంగిన కొక్కేలు కొమ్మను కిందికి జారనివ్వకుండా పట్టుకుంటాయి. ముందుకు జరగడానికి ఆ వంపు అడ్డు కాదు, వెనక్కి జారడానికి మాత్రమే అడ్డు. నున్నటి సిమెంటు గోడ మీద పట్టు దొరకదు కాబట్టి ఇనుప జాలీనో, తీగల వరుసనో, కర్రల పందిరినో ఏర్పాటు చేయాలి. మంచి ఆధారం దొరికితే 5, 6 మీటర్ల ఎత్తు సులభంగా ఎక్కుతుంది.

వంకాయకు, వాకుడుకు కూడా ముళ్ళున్నాయి. ఇవన్నీ ఒకే ముళ్ళ శాఖకు చెందినవా?

ఈ ప్రశ్న చాలామంది విద్యార్థులు అడుగుతారు. ప్రశ్న సహజమైనదే, కానీ జవాబు ఊహించిన దానికి భిన్నంగా ఉంటుంది.

సొలానమ్ ప్రజాతిలో (దగ్గరి చుట్టరికం ఉన్న జాతుల సమూహంలో) సుమారు 1,200కు పైగా జాతులున్నాయి. వాటిలో ముళ్ళున్న జాతులలో అత్యధిక భాగం లెప్టోస్టెమోనమ్ అనే ఒకే పెద్ద శాఖలో ఉన్నాయి. వంకాయ, చెలకల గట్ల మీద నేలకు అంటుకుని పెరిగే వాకుడు, ఉస్తికాయ, దక్షిణ భారతంలో కంచెల మీద పాకే ఉచ్చింత ఆ శాఖలోనివే. ఆ శాఖకు ముళ్ళతో పాటు మరొక గుర్తు ఉంది. వంకాయ ఆకును భూతద్దం కింద పెట్టి చూస్తే దాని నూగు ఒంటి వెంట్రుకలుగా కాక, ఒకే చోటి నుండి నాలుగు వైపులకూ విచ్చుకున్న నక్షత్రాల ఆకారంలో కనిపిస్తుంది. వెండ్లాండి ఆకు మీద ఎంత వెతికినా అలాంటి నక్షత్రాకార నూగు దొరకదు. దీనికి ముళ్ళున్నా ఆ శాఖకు చెందదు. ముళ్ళతో ఎగబాకే మరికొన్ని అమెరికా జాతులతో కలిపి దీన్ని అక్యులీజెరమ్ అనే చిన్న వర్గంగా శాస్త్రజ్ఞులు విడిగా ఉంచారు. డి.ఎన్.ఎ. ఆధారంగా చేసిన వర్గీకరణ కూడా ఈ విభజననే సమర్థించింది.

అందుచేత మన ఉచ్చింతకూ ఈ అమెరికా తీగకూ ఉన్న పోలిక పైపైదే. రెండూ సొలానమ్‌లే, రెండూ పాకుతాయి, రెండింటికీ వంకర ముళ్ళున్నాయి, రెండింటి పువ్వులూ ఊదా రంగువే. అయినా ప్రజాతి లోపల వాటి మధ్య దూరం చాలా ఎక్కువ. ఎగబాకే జీవితానికి పనికివచ్చే కొక్కెం రెండు చోట్లా విడివిడిగా రూపుదిద్దుకుంది.

ముళ్ళ పుట్టుక గురించి 2024లో సైన్స్ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన ఈ సందర్భంలో చెప్పుకోదగినది. వంకాయలో ముళ్ళు ఉండడానికీ లేకపోవడానికీ కారణమైన జన్యువు, సైటోకైనిన్ అనే వృద్ధి హార్మోను తయారీలో పాల్గొనే లాగ్ జన్యు కుటుంబానికి చెందినదని అందులో తేల్చారు. ఆశ్చర్యం కలిగించే విషయం ఏమిటంటే, వంకాయతో ఏ దగ్గరి చుట్టరికమూ లేని గులాబీ వంటి మొక్కలలో కూడా ముళ్ళ వెనుక ఇదే జన్యు కుటుంబం ఉన్నట్లు తేలింది. వేర్వేరు మొక్కలు వేర్వేరు కాలాలలో ఒకే పాత పనిముట్టును ముళ్ళ తయారీకి వాడుకున్నాయన్న మాట. మన పెరటి వంకాయ ముచ్చిక మీది ముల్లు అంత లోతైన పరిణామ చరిత్రకు సాక్ష్యంగా నిలవడం ఎంతో సంతోషాన్నిచ్చే విషయం.

వెండ్లాండి అన్న పేరు ఎక్కడి నుండి వచ్చింది?

జర్మనీలోని హానోవర్ నగరంలో హెరెన్‌హౌజెన్ రాజోద్యానాలకు అధికారిగా పనిచేసిన హెర్మన్ వెండ్లాండ్ (1825–1903) పేరు మీదుగా వచ్చింది. తాటి కుటుంబపు మొక్కల అధ్యయనంలో ఆయన పేరు పెద్దది. 1850ల చివరలో ఆయన మధ్య అమెరికాలో పర్యటించి మొక్కలు సేకరించారు. జాతికి శాస్త్రీయ వర్ణన రాసినవారు జోసెఫ్ డాల్టన్ హుకర్. అది 1887లో బొటానికల్ మ్యాగజైన్‌లో రంగుల చిత్రంతో వెలువడింది. బ్రిటిష్ ఇండియా వృక్షజాలం మీద ఏడు సంపుటాల గ్రంథాన్ని వెలువరించింది కూడా ఈ హుకరే.

పువ్వుల దగ్గర పెద్ద నల్ల తుమ్మెదలు జుమ్మని శబ్దం చేస్తూ తిరుగుతాయి. అవి తేనె కోసమే వస్తాయా?

తేనె కోసం కాదు. సొలానమ్ పువ్వులలో తేనె ఉండదు; వచ్చిన కీటకానికి దక్కేది పుప్పొడి మాత్రమే. ఆ పుప్పొడిని కూడా పువ్వు అంత సులభంగా ఇవ్వదు. మందార వంటి పువ్వులలో పరాగకోశం పగిలి పుప్పొడి బయటికి కనిపిస్తుంది. ఇక్కడ పరాగకోశం పొడవునా మూసుకునే ఉండి, కొన దగ్గర మాత్రమే సన్నని రంధ్రాలు తెరుచుకుంటాయి. తుమ్మెద వచ్చి కేసరాలను కాళ్ళతో పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే ఎగిరే కండరాలను వేగంగా కంపింపజేస్తుంది. ఆ అదురుకు పుప్పొడి రంధ్రాల గుండా చిమ్మి తుమ్మెద పొట్ట మీద పడుతుంది. మీరు వినే జుమ్మనే శబ్దం ఆ కంపనానిదే. ఎగురుతున్నప్పటి శబ్దం కంటే అది హెచ్చు స్థాయిలో ఉంటుంది. కాస్త శ్రద్ధగా వింటే తుమ్మెద పువ్వు మీద వాలగానే స్వరం మారడం తెలుస్తుంది.

నల్ల తుమ్మెదలు, నీలి చారల చిన్న తేనెటీగలు ఈ పని చేయగలవు. తేనె కోసం మనం పెంచే తేనెటీగలకు ఈ విద్య లేదు. వంకాయ, టమాట పంటలకూ ఈ కంపన పరాగసంపర్కం మేలు చేస్తుంది కాబట్టి, ఎండు వాసాలలో, వెదురు బొంగులలో గూడు కట్టుకునే తుమ్మెదలను తరిమేయవద్దని తోట పెంచేవారిని మనస్ఫూర్తిగా కోరుతున్నాము.

ఇన్ని పువ్వులు పూసినా ఒక్క కాయ కూడా కాయడం లేదు. ఎరువు లోపమా?

ఎరువు లోపం కాదు, నీటి లోపం కాదు, తుమ్మెదలు రాకపోవడం కూడా కాదు. కారణం ఈ జాతి లింగ వ్యవస్థలో ఉంది.

సొలానమ్ జాతులలో ఎక్కువ వాటికి ద్విలింగ పుష్పాలు ఉంటాయి, అంటే ఒకే పువ్వులో కేసరాలూ అండాశయమూ రెండూ పనిచేస్తాయి. వెండ్లాండి ఆ నియమానికి మినహాయింపు. దీనిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఈ ఏర్పాటు మనకు కొత్త కాదు. పోతుతాడుకు కాయలు కాయవని తెలియని ఊరు ఉత్తర తెలంగాణలో ఉండదు. వానకాలంలో ములుగు, భూపాలపల్లి అడవుల నుండి సంతకు వచ్చే బోడకాకర కూడా ఆడ తీగకే కాస్తుంది. తాటిలో, బోడకాకరలో ఏది ఆడదో ఏది మగదో పువ్వు చూడగానే తెలుస్తుంది. వెండ్లాండిలో అలా తెలియదు. ఆడ పువ్వులోనూ నిండైన పసుపు కేసరాలుంటాయి, వాటిలో పుప్పొడీ ఉంటుంది. పైకి రెండూ ద్విలింగ పుష్పాల్లాగే కనిపిస్తాయి.

అసలు సంగతి సూక్ష్మదర్శిని కింద బయటపడుతుంది. మామూలు సొలానమ్ పరాగరేణువు గోడలో, పరాగనాళిక బయటికి రావడానికి వీలుగా మూడు ద్వారాలు ఉంటాయి. ఆడ పువ్వు పరాగరేణువుకు ఆ ద్వారాలు ఉండవు. అది మొలకెత్తదు, ఫలదీకరణ చేయదు. మరి మొక్క దాన్ని ఎందుకు తయారు చేస్తున్నది? తేనె లేని పువ్వుకు పుప్పొడి ఒక్కటే ఆకర్షణ కాబట్టి, అది కూడా లేకపోతే తుమ్మెద ఆడ పువ్వు వైపు రాదు. సంతానోత్పత్తికి పనికిరాని పుప్పొడి తుమ్మెదకు కూలిగా మాత్రం పనికివస్తున్నది. మగ పువ్వులో పుప్పొడి సారవంతమైనదే, కానీ కీలం (అండాశయం మీది సన్నని కాడ) పొట్టిగా కుంచించుకుపోయి కేసరాల మధ్య దాగి ఉంటుంది.

మీ తీగ ఏదో తెలుసుకోవాలంటే పూర్తిగా విచ్చుకున్న ఒక పువ్వును కోసి, పసుపు పరాగకోశాలను సూదితో ఒక్కొక్కటిగా పక్కకు తొలగించండి. వాటి మధ్య నుండి పొడవైన కీలం పైకి వచ్చి, ఆకుపచ్చని కీలాగ్రం (కీలం కొన) పరాగకోశాల కొనలను దాటి కనిపిస్తే అది ఆడ మొక్క. అడుగున మొటిమంత కీలం మాత్రమే ఉంటే అది మగది. ఒక పువ్వు చూసి తేల్చకుండా, వేర్వేరు గుత్తుల నుండి కొన్ని పువ్వులు చూడడం పద్ధతి.

తోటలలో ఈ తీగను కొమ్మల ద్వారా వ్యాప్తి చేస్తారు. కొమ్మ నుండి వచ్చిన మొక్క తల్లి మొక్క లింగాన్నే పొందుతుంది. ఒకే తల్లి నుండి తీసిన మొక్కలు ఊరంతా నాటినా అవన్నీ ఒకే లింగానివి అవుతాయి కాబట్టి కాయ పడే అవకాశం ఉండదు.

విత్తనం లేకపోతే కొత్త మొక్కను ఎలా తయారు చేసుకోవాలి?

వానకాలం మొదట్లో, అంటే జూన్, జూలై నెలలలో, మరీ లేతదీ మరీ ముదిరినదీ కాని కొమ్మను మూడు నాలుగు కణుపులు వచ్చేటట్లు జానెడు పొడవున కోయాలి. కింది ఆకులు తీసివేసి, ఇసుక, పశువుల ఎరువు కలిపిన మట్టిలో రెండు కణుపులు మునిగేటట్లు నాటి నీడలో ఉంచాలి. పొడవాటి కొమ్మను వంచి కణుపు దగ్గర మట్టితో కప్పి నేల అంటు కట్టినా వేళ్ళు వస్తాయి.

వరంగల్ ఎండలకు తట్టుకుంటుందా? ఏ నేల మంచిది?

ఇది ఎండను కోరే మొక్కే, కానీ మే నెలలో ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలు దాటే మన వేసవి దీని పుట్టినచోటు వాతావరణం కాదు. పడమటి గోడకు ఎక్కిస్తే మధ్యాహ్నపు ఎండతో పాటు గోడ వేడి కూడా తగిలి ఆకుల అంచులు మాడుతాయి. తూర్పు వైపు, ఉదయపు ఎండ తగిలే చోటు మేలు. తీగ మొదలు చుట్టూ ఎండుటాకులు మందంగా పరిస్తే వేళ్ళకు చల్లదనం ఉంటుంది.

ఎర్ర చెలక నేలలో నీరు నిలవదు కాబట్టి వేళ్ళు ఆరోగ్యంగా ఉంటాయి. దానికి చెరువు పూడిక మట్టి కొద్దిగా కలిపితే తేమ నిలుపుకునే గుణం పెరుగుతుంది. నల్లరేగడిలో వానకాలం నీరు నిలిచి వేరుకుళ్ళు వస్తుంది. అక్కడ గుంత తీయడం కంటే ఎత్తుగా బోదె పోసి నాటడం మంచిది.

చలికాలంలో ఆకులన్నీ పసుపుబారి రాలిపోతున్నాయి. తీగ చనిపోతున్నదా?

చాలాసార్లు కాదు. పొడి గాలికీ చలికీ ఈ తీగ ఆకు రాల్చి విశ్రాంతి తీసుకుంటుంది. గోటితో కాండాన్ని కొద్దిగా గీకితే లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉంది. ఆ సమయంలో నీరు తగ్గించాలి. ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగే ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ప్రాంతాలలో లేత కొమ్మల కొనలు ఎండిపోవచ్చు. మొదలు నుండి మళ్ళీ చిగురిస్తుంది. పువ్వులు ఆ ఏడు వచ్చిన కొత్త కొమ్మల చివరే పూస్తాయి కాబట్టి కత్తిరింపులు చిగురు రాకముందే, చలి తగ్గే ఫిబ్రవరిలో పూర్తి చేయాలి. తోలు తొడుగులు వేసుకుని, కోసిన కొమ్మను మొదలు నుండి కొన వైపుకు, అంటే అది పాకిన దిశలోనే లాగితే కొక్కేలు చిక్కుకోవు.

ఇది విషమా? ఆకులు వండుకుంటారని ఎవరో చెప్పారు.

గ్వాటెమాలాలో కొన్నిచోట్ల దీని లేత ఆకులను ఉడికించి కూరగా తింటారు. ఏ దశలో కోయాలో, ఎంతసేపు ఉడికించాలో తరతరాలుగా తెలిసిన సమాజం వారిది. సోలనేసి కుటుంబంలో సొలానిన్ వంటి చేదు ఆల్కలాయిడ్లు ఉండడం సాధారణం. పచ్చబడిన ఆలుగడ్డను తినవద్దనడానికి కారణం అదే. అలంకరణ కోసం పెంచిన తీగ ఆకును ఇక్కడ ఎవరూ తినకూడదనీ, చిన్నపిల్లలకూ మేకలకూ అందకుండా చూసుకోవాలనీ మా స్పష్టమైన సలహా.

మిరప తోట, వంకాయ మడి పక్కన పెంచవచ్చా?

పెంచకపోవడమే మంచిది. ఒకే కుటుంబపు మొక్కలు కాబట్టి తెల్లదోమ, పిండినల్లి, ఎండు తెగులు వంటి సమస్యలు ఒకదాని నుండి మరొకదానికి పాకే ప్రమాదం ఉంటుంది. ముఖ్యంగా మిరప నారుమడికి దూరంగా ఉంచండి. ఏనుమాముల మార్కెట్టుకు వచ్చే పంట మీద ఎన్ని కుటుంబాలు ఆధారపడి ఉన్నాయో ఇక్కడివారికి వేరే చెప్పనవసరం లేదు. ఇంటి ముందు కమాను మీద, కూరగాయల మడికి దూరంగా ఉంటే భయపడవలసిన పని లేదు.

మా వీధిలో ఇలాంటి ఊదా పువ్వులే పూసి, ఎర్రని చిన్న కాయల గుత్తులు వేసే తీగ ఉంది. అదీ ఇదేనా?

కాదు. అది సొలానమ్ సీఫోర్థియానమ్. అదీ ఉష్ణమండల అమెరికాదే, కానీ దానికి ముళ్ళు ఉండవు, పువ్వులు చిన్నవి, తీగ సన్ననిది. ఎర్రటి కాయలను పక్షులు తిని విత్తనాలను దూరదూరాలకు చేరవేస్తాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో అది కలుపుగా మారింది. ఆ కాయలు మనుషులకు విషం. కాయ వేయని వెండ్లాండి అలా తనంతట తాను అడవిలోకి పాకే అవకాశం తక్కువ కాబట్టి, రెండింటిలో ఒకటి ఎంచుకోవలసి వస్తే మేము వెండ్లాండినే సూచిస్తాము.

హెర్బేరియం నమూనా (అదిమి ఎండబెట్టి కాగితం మీద అతికించి దాచే మొక్క) ఎలా తయారు చేయాలి?

పూగుత్తి ఉన్న కొమ్మతో పాటు కింది భాగపు చీలిన ఆకును కూడా తప్పక చేర్చండి; అది లేకపోతే నమూనా సగమే. ఒక ఆకునైనా అడుగు భాగం పైకి కనిపించేటట్లు పరిస్తే ఈనె మీది ముళ్ళు కనిపిస్తాయి. ఒక పువ్వును నిలువుగా చీల్చి కీలం పొడవు తెలిసేటట్లు విడిగా అతికించి, అది ఆడ మొక్కదో మగ మొక్కదో చీటీ మీద రాయండి. ఎండిన తరువాత ఊదా రంగు వెలిసిపోతుంది కాబట్టి పువ్వు రంగును, తీగ ఎత్తును, ఎక్కిన ఆధారాన్ని సేకరించిన రోజే నమోదు చేయాలి.